సిగ్నల్ అని పేరు పెట్టిన గడి

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు మారతహళ్ళిలో మా ఇంటికి వస్తూ ఉంటారు. ఇరవై ఐదేళ్ళు వైర్‌లెస్‌లో ఏం చేశారు మేడం అని అడుగుతారు. ప్రమోషన్ల కథలు చెబుతానని వాళ్ళ ఆశ. అవి నాకే సరిగా గుర్తు లేవు. యాభై రెండేళ్ళకు నా అంతట నేనే మానేశాను కాబట్టి వీడ్కోలు సభ, శాలువా, నా గురించి అబద్ధాలు చెప్పే నలుగురు పెద్దమనుషులు, అన్నీ తప్పాయి.

నాకు బాగా గుర్తున్నది ఒక తప్పు. నేను రాసిన ప్రోగ్రాములో పది పన్నెండు లైన్లలో ఉంది అది. దాని వల్ల మునిరత్నం అనే మనిషి ఉద్యోగం ఊడిపోయేదాకా వచ్చింది. మీరూ ఇదే పనిలోకి వస్తున్నారు. ఇదే తప్పు చేస్తారు. అందుకని రాస్తున్నాను.

గాలిలో మాటలు

మా కంపెనీ గోడౌన్లకు సరుకు లెక్క పెట్టే చేతి స్కానర్లు, వాటితో గాలిలో మాట్లాడే వైర్‌లెస్ పెట్టెలు తయారు చేసేది. గోడౌనులో పనిచేసే ఆమె డబ్బా మీది గీతలకు స్కానరు చూపించి మీట నొక్కుతుంది. ఆ సమాచారం పైన కప్పుకు బిగించిన పెట్టెకు చేరుతుంది. చేరితే పెట్టె 'అందింది' అని జవాబిస్తుంది. జవాబు రాకపోతే స్కానరు మళ్ళీ పంపుతుంది.

ఏ వేగంతో పంపాలి? అదే నా పని. దగ్గరుంటే గబగబా చెప్పొచ్చు, అర్థమవుతుంది. దూరమైతే నెమ్మదిగా, విడమర్చి చెప్పాలి. కాబట్టి నేను రాసింది ఇది: వరుసగా రెండుసార్లు జవాబు రాలేదంటే వేగం ఒక మెట్టు దించు. వరుసగా కొన్ని అందాయంటే ఒక మెట్టు ఎక్కించు. అంతే. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. బ్రూక్‌ఫీల్డ్ ఆఫీసులో నా ల్యాబ్ ఉండేది. ఇనప డబ్బాలో ఒక స్కానరు పెట్టి, మీట తిప్పి సిగ్నల్ తగ్గించేదాన్ని. వేగం తగ్గేది. పెంచితే పెరిగేది. చూడవచ్చిన వాళ్ళందరూ శభాష్ అనేవారు.

ఒక్కటే స్కానరు, గమనించండి. నా ల్యాబులో రెండోది మాట్లాడింది లేదు.

సోమవారం చదివే పేర్లు

ప్రతి సైటు నుంచి రోజూ రిపోర్టు వచ్చేది. అందులో సిగ్నల్ అనే గడి ఉండేది. ఆ గడి కూడా నేను పెట్టిందే. పేరు సిగ్నల్ కానీ లోపల ఉన్నది సిగ్నల్ కాదు, వేగం. చవక చిప్పుల్లో సిగ్నల్ బలం నమ్మదగినట్టు రాదని అది తీసేసి, వేగం ఎంతుంటే సిగ్నల్ అంత అని నేనే తీర్మానించాను. వేగం కింది మెట్టుకు పడితే గడి ఎర్రబడేది.

ఎర్రబడిందంటే పెట్టె తప్పు చోట బిగించారని అర్థం. బిగించిన మనిషికి ఒక మార్కు. మార్కు కాగితం మీద నా సంతకం ఉండాలి. సోమవారం పొద్దున మీటింగులో మార్కు పడిన వాళ్ళ పేర్లు అందరి ముందూ చదివేవారు. మూడు మార్కులు పడితే ఇంటికే. ఈ పద్ధతి మా మేనేజరు సుధాకర్‌ది. గుంటూరు మనిషి, చెడ్డవాడేం కాదు. నాలాగే అంకెలు అబద్ధం చెప్పవని నమ్మేవాడు.

ఆ పేర్లు చదువుతున్నప్పుడు నేను కాఫీ తాగుతూ కూర్చునేదాన్ని. ఇది కూడా రాయాలి, ఎందుకంటే మీరూ అలాగే కూర్చుంటారు.

నిచ్చెన మీది మనిషి

మునిరత్నం పాత బెంగళూరు తెలుగువాడు. పాలిటెక్నిక్ డిప్లొమా, నలభై ఎనిమిదేళ్ళు, అందులో సగం నిచ్చెనల మీదే గడిచాయి. హొసకోటెలో ఒక పెద్ద గోడౌనుకు పెట్టె బిగించింది ఆయనే. అక్కడ గడి ఎర్రబడింది. ఒక మార్కు పడింది. వారం తిరిగేసరికి రెండోది. ఫోను చేశాడు.

"రెండో మార్కు వేసినారంట కదా మేడం. సిగ్నలు వీకు అని రాసినారంట. సిగ్నలు నిండుగా ఉండాది. నా ఫోన్లో గీతలన్నీ ఉండాయి."

"ఫోన్లో గీతలు చూసి ఇంజనీరింగ్ చేసేటట్టయితే నేనెందుకు, నా ల్యాబెందుకు?"

"ల్యాబు మీదే మేడం, కాదనలేదు. నిచ్చెన నాది. ఇప్పుడు పెట్టె కిందనే నిలబడుకోని ఉండాను. ఇక్కడ గూడా స్కానరు నత్త మాదిరి పోతా ఉండాది. ఇంతకన్నా దగ్గరికి ఎట్లా పోయేది? పెట్టెని నెత్తిన పెట్టుకోవాలా?"

"నాలుగడుగులు పక్కకు జరిపి చూడండి."

"రెండు తూర్లు జరిపినా."

"మూడోసారి జరపండి" అని పెట్టేశాను.

ఆ మాటల్లోనే జవాబు మొత్తం ఉంది. పెట్టె కింద నిలబడ్డ మనిషికి సిగ్నల్ అందకపోవడం ఎలా సాధ్యం? ఒక్క నిమిషం ఆలోచిస్తే సరిపోయేది. కానీ నన్ను ఎదిరించి మాట్లాడాడన్న కోపంలో ఆయన ఏం మాట్లాడాడో వినలేదు. నాకు వాదన ఇష్టం. గెలిచే వాదన మరీ ఇష్టం. ఈ జబ్బు ఉన్నవాళ్ళు ఇంజనీరింగులో చాలామంది ఉన్నారు.

మళ్ళీ గురువారం గడి ఎర్రబడింది. మూడో కాగితం నా బల్ల మీదికి వచ్చింది. శుక్రవారం పొద్దున మునిరత్నం చేతిలో హెల్మెట్టుతో నా సీటు పక్కన నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సంతకం పెట్టే ముందు ఒక్క తూరి వచ్చి చూడండి మేడం. చూసి గూడా నాదే తప్పంటే నేనే రాసిచ్చి పోతా. ఈ పనిలో సిగ్నలు తెలీదని పేరు పడితే ఇంకెవురు పిలుస్తారు నన్ను?"

మర్నాడు పొద్దున్నే హొసకోటె వెళ్ళాను. న్యాయం చేద్దామని వెళ్ళానని రాస్తే బాగుంటుంది. నిజానికి ఆయన నోరు మూయిద్దామనే వెళ్ళాను.

జయమ్మ పద్ధతి

ఎనిమిది గంటల షిఫ్టు అప్పుడే మొదలైంది. నిలువెత్తు ఇనప ర్యాకులు, వాటి మధ్య సందులు, సందుల్లో స్కానర్లు పట్టుకుని ముప్పై మంది ఆడవాళ్ళు. స్కానర్ల కూతలు వినపడాలి. వినపడింది అరుపులు.

"పదమూడు!"

"కొట్టు!"

"అక్కా, ఏడు!"

"ఉండవే... ఆ, కొట్టు!"

ఏదో గలాటా జరుగుతోందనుకున్నాను. సందులన్నీ కలిసే చోట బోర్లించిన ప్లాస్టిక్ క్రేటు మీద ఒకావిడ నిలబడి ఉంది. ఆమె సూపర్‌వైజరు జయమ్మ. అంకె అరిచిన వాళ్ళకు స్కానరు కొట్టమని చెబుతోంది. అంకెలు సందుల నంబర్లు.

"ఇదేంటమ్మా, చేతిలో స్కానర్లు పెట్టుకుని ఈ అరుపులేంటి?" అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "స్కానర్లు చేసినామె మీరేనా? అవి ఉండబట్టే అరుపులు మేడం. అవి సరిగ్గా ఉంటే నా గొంతు ఇట్లా అయ్యేదా?"

"సరే, ఎందుకు అరుస్తున్నారో చెప్పండి."

"అందురూ ఒకే తూరి కొడితే ఒక్కురిదీ పోదు. ర్యాకులు అడ్డం కదా, ఈ సందులోళ్ళకి ఆ సందులోళ్ళు కనపడరు. నేను నడిమధ్యన ఉండాను, అందురికీ వినపడతా. అడిగినోళ్ళకి కొట్టు అంటా. మిగతావాళ్ళు గమ్మునుంటారు."

"ఇలా చేయమని ఎవరు చెప్పారు?"

"ఎవురు చెప్పాల? వీధి కొళాయి కాడ నీళ్ళు పట్టుకున్నోళ్ళమే కదా మేమంతా!"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మునిరత్నం నవ్వలేదు. నా మొహం చూస్తున్నాడు.

జయమ్మను ఐదు నిమిషాలు అడిగాను. బయట లారీ నిలబడి ఉందని గొణిగింది కానీ ఒప్పుకుంది. ముందు అందరినీ ఆపించి, అన్నిటికంటే దూరపు మూల నుంచి ఒక్కర్ని స్కాన్ చేయమన్నాను. నా ల్యాప్‌టాప్‌లో వేగం అన్నిటికంటే పై మెట్టు మీద ఉంది. అంటే దూరం సమస్య కాదు. తర్వాత ఒక స్కానరు నేనే తీసుకుని పెట్టె కింద నిలబడి, జయమ్మను అడగకుండా అందరూ ఒకేసారి కొట్టండి అన్నాను.

ముప్పై స్కానర్ల వేగాలూ నా కళ్ళ ముందే మెట్టు మెట్టుగా దిగిపోయాయి. నా చేతిలోదీ దిగిపోయింది, నెత్తి మీదే పెట్టె ఉండగా.

జరిగింది ఇది. ర్యాకుల చాటున ఉన్న స్కానర్లకు ఒకదాని మాట ఒకదానికి వినపడదు. గాలి ఖాళీగా ఉందనుకుని రెండూ ఒకేసారి మొదలుపెడతాయి. పెట్టె దగ్గర రెండు మాటలూ ఢీకొని రెండూ చెడిపోతాయి. జవాబు రాదు. జవాబు రాలేదంటే దూరమై ఉంటుంది, నెమ్మదిగా చెప్పు అని నా ప్రోగ్రాము అంటుంది. నెమ్మదిగా చెబితే అదే మాట గాలిలో ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. అంతసేపూ మరొకటి వచ్చి ఢీకొనే వీలుంటుంది. మళ్ళీ జవాబు రాదు. ఇంకా నెమ్మది. నేను మందు అనుకుని ఇచ్చిందే రోగాన్ని పెంచింది.

జవాబు రాకపోవడానికి కారణాలు రెండు: దూరం, గుంపు. నాకు ఒక్కటే తెలుసు. రెండోది క్రేటు మీద నిలబడ్డ జయమ్మకు తెలుసు.

"ఇప్పుడు చెప్పండి మేడం" అన్నాడు మునిరత్నం, నెమ్మదిగానే. "పెట్టె యాడికి జరపాల?"

"ఎక్కడికీ వద్దు" అన్నాను.

ఎవరి పేరు చదవాలి

తిరిగి వస్తూ కారులోంచే సుధాకర్‌కు ఫోన్ చేసి చెప్పాను. విన్నాడు.

"వసుంధరగారూ, సింపుల్. ఆ మార్కులు మూడూ డిలీట్ చేసేద్దాం. కోడ్ ఫిక్స్ నెక్స్ట్ రిలీజ్‌లో పెట్టేద్దాం. ఎవరికీ చెప్పక్కర్లేదు."

"మీటింగులో ఆయన పేరు రెండుసార్లు చదివారు."

"మూడోసారి చదవం కదండీ."

"అది చాలదు. తప్పు నాదని అదే మీటింగులో చదవాలి."

"మీకెందుకండీ ఈ హెడేక్? మీ రెప్యుటేషన్ ఏమవుతుంది? కస్టమర్ చెవిన పడితే పెద్ద ఇష్యూ. నేను మిమ్మల్ని ప్రొటెక్ట్ చేద్దామని చూస్తున్నాను."

"చేస్తున్నారు. ఆయన్నెందుకు చేయలేదు?"

నిజంగా కాపాడాలనే అన్నాడు, ఆ మాట ఒప్పుకోవాలి. ఆఫీసుల్లో దయ ఉంటుంది. అది బల్లల దగ్గర కూర్చున్న వాళ్ళకు దొరికినంత సులువుగా నిచ్చెనలెక్కే వాళ్ళకు దొరకదు.

సోమవారం పేర్లు చదివే వేళకు లేచి నిలబడ్డాను. హొసకోటె సైటులో తప్పు పెట్టె బిగించిన వారిది కాదు, వేగం ప్రోగ్రాము రాసిన వసుంధరది, ఈ వారం మార్కు ఆమెకు అని చదివాను. అక్కడ కూర్చుని తమ పేరు వినేవాళ్ళకు ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. మునిరత్నం వెనక గోడ దగ్గర నిలబడి విన్నాడు. చప్పట్లు లాంటివేవీ లేవు. ఎవరో దగ్గారు. సుధాకర్ తర్వాతి విషయానికి వెళ్ళిపోయాడు.

ప్రోగ్రాము మార్చడానికి మూడు వారాలు పట్టింది. జయమ్మ పద్ధతినే పెట్టాను. స్కానరు ముందు ఒక చిన్న పలకరింపు పంపుతుంది: పంపనా? అది నెమ్మదైన వేగంతోనే వెళుతుంది కాబట్టి దూరం నుంచైనా అందుతుంది, పొట్టిది కాబట్టి ఢీకొనే అవకాశం తక్కువ. పెట్టె 'పంపు' అంటే ఆ మాట అందరికీ వినపడుతుంది, మిగతావి ఆగుతాయి. అలా దారి ఇచ్చాక కూడా అసలు మాట పోతే అప్పుడు నిజంగా సిగ్నల్ బలహీనం, వేగం దించు. పలకరింపే పోతే అది గుంపు. వేగం ముట్టుకోవద్దు, కాసేపాగి మళ్ళీ అడుగు.

మొదట ప్రతి మాటకూ ముందు అడిగేలా పెట్టాను. జయమ్మ ఫోన్ చేసింది. "మధ్యాన్నం భోజనాల వేళ ఒక్కదాన్నే కొడతా ఉండా. ఇంకెవురూ లేరు. ఒక్కదాన్నే ఉన్నా గూడా అడిగే కొట్టాలా మేడం? లేటయితా ఉండాది." నిజమే. ఒకసారి మాట పోయాకే, రెండోసారి నుంచి అడిగేలా మార్చాను. ఆ తర్వాత ఆమె ఫోను రాలేదు. మా పనిలో అంతకు మించిన మెప్పు లేదు.

రిపోర్టులో ఆ గడి పేరు వేగం అని మార్చాను. మార్కుల పద్ధతి ఎత్తేయించడానికి సుధాకర్‌తో ఇంకో రెండు నెలలు పోట్లాడాను. చివరికి విసిగిపోయి ఒప్పుకున్నాడు.

కొట్టేసిన చోటు

ఇక్కడితో ఆపితే నేను మంచిదాన్నే. మునిరత్నం ఆపనివ్వలేదు.

మార్కులు ఎత్తేశారని చెప్పడానికి ఫోన్ చేశాను. సంతోషిస్తాడనుకున్నాను. "నాకు సరిపోయింది మేడం" అన్నాడు. "బాషాకి ఎవురు చదువుతారు?"

"బాషా ఎవరు?"

"పోయిన సంవత్సరం మూడు మార్కులు వేసి పంపించేసినారు కదా మేడం. మందుల గోడౌన్లో పెట్టె పెట్టినాడు. కాగితం మీద మీ సంతకమే."

ఆ పేరు నాకు గుర్తు కూడా లేదు. పాత రిపోర్టులు తీశాను. ఎర్ర గడులు రోజంతా లేవు. పొద్దున షిఫ్టు మొదలయ్యేటప్పుడు, సాయంత్రం లారీలు నిండేటప్పుడు, అంతే. సిగ్నల్‌కు గోడ అడ్డమైతే రోజంతా అడ్డం ఉండాలి. గోడ ఎనిమిదింటికి వచ్చి పదింటికి వెళ్ళిపోదు. ఆ గంటలు ఆ కాగితాల్లోనే ఉన్నాయి. సంతకం పెట్టేటప్పుడు నేను చూసింది రంగు.

ఈసారి సుధాకర్ అడ్డు చెప్పలేదు. తిరిగి రమ్మని లెటరు తయారు చేయించి నా చేతికిచ్చాడు. మునిరత్నం నన్ను హొసకోటెలో బాషా ఉండే చోటికి తీసుకెళ్ళాడు. ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం. ఫ్యాన్లు, లైట్లు ఇళ్ళకు వెళ్ళి బిగించే పని. సన్నటి మనిషి, ముప్పై అయిదు ఉంటాయి. నన్ను చూసి స్టూలు తుడిచి వేశాడు. అదే నాకు కష్టమనిపించింది.

కూర్చోకుండానే చెప్పేశాను. తప్పు నాదని, పెట్టె బిగించడంలో లోపమేమీ లేదని, ఉద్యోగం సిద్ధంగా ఉందని.

"పెట్టె నేను తప్పుగా పెట్టలేదా?" అన్నాడు.

"లేదు."

మునిరత్నం వైపు చూశాడు. "నిజమేనా అన్నా?"

"నిజమేరా అప్పా. మేడమే స్వయంగా చూసినారు."

బాషా లోపలికి వెళ్ళాడు. కోపం వచ్చి వెళ్ళాడనుకున్నాను. మడతపెట్టిన చార్టు కాగితం పట్టుకుని వచ్చి కౌంటరు మీద పరిచాడు. మందుల గోడౌను పటం. పెన్సిలుతో కొలతలు వేసి గీశాడు. ర్యాకులు, తలుపులు, స్తంభాలు అన్నీ ఉన్నాయి. అక్కడక్కడా ఏడు చోట్ల సున్నాలు చుట్టి ఉన్నాయి.

"ఇంటికి వచ్చినాక గీసినా మేడం. యాడ పెట్టుంటే బాగుండేదో అని చూస్తా ఉంటిని. ఒక్కో తూరి ఒక్కో చోటు కరెక్టు అనిపిస్తుంది. మళ్ళా కాదనిపిస్తుంది. మా ఇంట్లో నవ్వుతారు." సున్నాల మీద వేలు పెట్టి చూపించాడు. "ఈ ఏడింట్లో ఏది మేడం?"

ఏడింటికీ దూరంగా, మధ్య స్తంభం దగ్గర ఒక చోటు ఇంటూ మార్కుతో కొట్టేసి ఉంది. పెన్సిలు ఒత్తిడికి కాగితం కాస్త చిరిగింది కూడా. పాత రిపోర్టుల ప్రకారం ఆయన మొదట బిగించింది అక్కడే. నేను వేలు దాని మీద పెట్టాను.

"ఇదా?" అన్నాడు. "మొదటిదా?"

"మొదటిదే."

ఉద్యోగం వద్దన్నాడు. "ఇక్కడ ఫ్యాను తిరిగితే తిరిగినట్టు, లేకుంటే లేదు మేడం. ఎవురూ రంగులు వెయ్యరు." లెటరు నా చేతికే తిరిగి ఇచ్చేశాడు, మర్యాదగానే. తర్వాత మునిరత్నం జేబులోంచి పెన్ను తీసుకుని నాకిచ్చి, పటాన్ని నా వైపు తిప్పాడు. ఆ ఇంటూ పక్కన కాస్త ఖాళీ ఉంది.

"ఇక్కడ పెట్టండి మేడం, సంతకం" అన్నాడు. "మా ఇంట్లో చూపించాల."

పెట్టాను.